కోడింగ్‌తో లెక్కలు చెబితే హైస్కూల్ పిల్లల భయం పోతుందా?

కాజీపేట_పైథాన్: మా వాడకట్టు పిల్లలకు శనివారం సాయంత్రాలు పైథాన్ టర్టిల్‌తో జ్యామితి చెప్తున్నా. ఇంత ముందుకు పో, ఇన్ని డిగ్రీలు తిరుగు అని పైథాన్ భాషలో కోడ్ రాస్తే స్క్రీన్ మీద తాబేలు గీత గీస్తూ పోతుంది. సమబాహు త్రిభుజం గీయమంటే దాదాపు అందరూ 60 డిగ్రీలు తిప్పుతారు, మూడు గీతలు పడతాయి గానీ బొమ్మ మూసుకోదు, సగం షడ్భుజి దగ్గర ఆగుతుంది. నేనేమీ అనను. ఎవరో ఒకరు 120 పెట్టి చూస్తారు. ఇక బాహ్యకోణాల మొత్తం 360 అని బట్టీ పట్టించే పనే లేదు, పంచభుజికి 72 అని వాళ్లే అంటారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ అంది. మన బడుల్లో లెక్కల క్లాసులోనే ఎందుకు పెట్టరు?

లెక్కలసార్_పరకాల: బాగుంది తమ్మీ. మరి కోడ్‌లో ఎక్స్ = ఎక్స్ + 1 అని రాయిస్తావు కదా, మర్నాడు నా క్లాసులో అదే కనిపిస్తే రెండు వైపులా ఎక్స్ కొట్టేసి 0 = 1 అంటాడు. అప్పుడు నేనేం చెప్పాలి?

కాజీపేట_పైథాన్: అది సమీకరణం కాదు సార్, ఎక్స్‌లో కొత్త విలువ పెట్టడం. సమానమా అని అడగడానికి == వేరే ఉంది.

లెక్కలసార్_పరకాల: అంటే ఒక గుర్తుకు బడిలో ఒక అర్థం, నీ దగ్గర ఇంకోటి.

ఓరుగల్లు_టెన్త్: పబ్లిక్ పరీక్షలో టర్టిల్ వస్తదా? వస్తే నేర్చుకుంటా 😀

హన్మకొండ_అమ్మ: మా పాప స్కూల్లో కోడింగ్‌కని వేరే ఫీజు కట్టించుకున్నారు. బోర్డు మీద ఉన్నది ఏడాదంతా ఎక్కించుకుంది, చివరికి ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. లెక్కలంటే టెన్షన్ అట్లాగే ఉంది.

లెక్కలసార్_పరకాల: ఇంకొకటి. ఎన్² + ఎన్ + 41లో ఎన్‌కు 0 నుంచి 39 దాకా ఏది వేసినా ప్రధాన సంఖ్యే వస్తుంది. స్క్రీన్ మీద అది చూసినవాడు ఎప్పుడూ అంతే అనుకుంటాడు. 40 వేస్తే 1681, అంటే 41 × 41. చూడటం వేరు, నిరూపించడం వేరు.

కాజీపేట_పైథాన్: ఆ 40 దగ్గరికి నా పిల్లలు నాలుగు లైన్ల లూప్‌తో పోతారు, మీరు బోర్డు మీద ఎంతవరకు వేస్తారు? అసలు మీ బాధ ఎక్స్ గురించి కాదు. సార్ లేకుండానే పిల్లలు తప్పు దిద్దుకుంటున్నారు, అదీ సంగతి. మా లెక్కల సారు తప్పు చేసినోణ్ని బోర్డు దగ్గర నిలబెట్టి క్లాసంతా నవ్వేదాకా వదిలేవాడు కాదు. కంప్యూటర్ ఎర్రర్ చూపిస్తుంది, నవ్వదు.

లెక్కలసార్_పరకాల: మాట జాగ్రత్త. ఎవరో చేసినదానికి నన్ను అనకు. నీ దగ్గర ఎవరి లాప్‌టాప్ వాళ్లది. మా ల్యాబ్‌లో ఒక కీబోర్డుకు ఆరుగురు, కొట్టేది ఎప్పుడూ ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడే. ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తారు. ధైర్యం ఉన్నవాడికే ఇంకాస్త వస్తుంది, లేని పిల్ల ఇది కూడా నాకు రాదని తేల్చుకుంటుంది. బోర్డు దగ్గరైతే ఎవరు ఆగిపోయారో నాకు కనపడుతుంది.

హన్మకొండ_అమ్మ: మా పాప ఆ వెనక నిలబడే పిల్లే.

కాజీపేట_పైథాన్: ఈ మాట మొదలే అంటే అయిపోయేది కదా సార్. కంప్యూటర్ లేకున్నా నడుస్తుంది. పిల్లల కోసం లోగో అనే కోడింగ్ భాష తయారుచేసినవాళ్లలో ఒకరైన సీమోర్ పాపర్ట్, పిల్లలను ముందు తామే తాబేలై నడవమనేవాడు. గ్రౌండ్‌లో సుద్దముక్కతో చేయించండి.

లెక్కలసార్_పరకాల: గ్రౌండ్‌లో నడిపించడానికి కోడింగ్ ఎందుకు? నేను అడిగేదీ అదే.

హన్మకొండ_అమ్మ: తమ్మీ, నీ శనివారం క్లాసులో ఆడపిల్లలు ఎంతమంది?

కాజీపేట_పైథాన్: ఇద్దరు అక్కా. ఇంట్లో పంపితే కదా వచ్చేది.

హన్మకొండ_అమ్మ: చీకటి పడ్డాక వదిలితే ఎవరు పంపుతారు? ఆదివారం పొద్దున పెట్టు, మా పాపను తీసుకొస్తా. లాప్‌టాప్ మాత్రం లేదు మా దగ్గర.