బోరు మోటారును ఆపే పని కెర్నెల్‌దా, బయటి ప్రోగ్రాముదా?

జడ్చర్ల స్టార్టర్:
చిన్న లినక్స్ బోర్డుతో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు తయారు చేస్తుంటాను. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు లాగే ఆంపియర్లు పడిపోతాయి. అది గమనించి రెండు మూడు సెకన్లలో రిలేను (మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్చును) వదిలేయాలి, ఆ తరువాత రైతు ఫోనుకు ఎస్ఎంఎస్ పంపాలి. మొదట అంతా పైథాన్‌లో రాశాను. రీడింగులు రాసేటప్పుడు ఎస్‌డీ కార్డు మొరాయిస్తే ప్రోగ్రాము అక్కడే నిలిచిపోయి, మోటారు ఆలస్యంగా ఆగేది. అందుకని కొలవడం, నిర్ణయించడం, ఎస్ఎంఎస్ కూర్చడం మొత్తాన్నీ ఒకే కెర్నెల్ మాడ్యూల్‌లోకి, అంటే లినక్స్ నడిమి భాగమైన కెర్నెల్‌లో చేరి నడిచే కోడ్‌లోకి, మార్చాను.

ఆరు నెలలు బాగానే నడిచింది. పోయిన ఎండాకాలం దేవరకొండ దగ్గర ఒక బత్తాయి తోటలో, రైతు పేరు నింపని ఖాతాకు ఎస్ఎంఎస్ కూర్చబోయి మాడ్యూల్ నల్ పాయింటర్ (ఏ డేటానూ చూపని ఖాళీ చిరునామా) మీద పడింది. రిలేను వదిలే వరుస కన్నా ముందే ఎస్ఎంఎస్ వరుస రాయడం నా తప్పు. ఊప్స్ (కెర్నెల్ లోపలి పొరపాటు) వచ్చి ఆ థ్రెడ్ (ఆ పనిని నడిపే పాయ) చచ్చిపోయింది, రిలే మాత్రం పట్టినది పట్టినట్టే ఉండిపోయింది. తెల్లారేసరికి వైండింగ్ కాలిపోయింది. రీవైండింగ్ డబ్బులు నేనే ఇచ్చాను గానీ చెట్లకు తప్పిన తడులను నేను తెచ్చివ్వలేను. మాడ్యూల్‌ను సరిచేసుకుని కెర్నెల్‌లోనే ఉండాలా, అసలు అక్కడికి వెళ్లడమే పొరపాటా అన్నది పెద్దలు చెప్పాలి.

నల్లగొండ ల్యాబ్:
వేగం కోసం లోపలికి వెళ్లారన్నది అర్థమైంది, కానీ వేగమే కొలబద్ద అయితే ఏ ఫీచరునూ కెర్నెల్ బయట నిలబెట్టలేము. ఎల్4 అనే చిన్న కెర్నెల్ రూపకర్త యోఖెన్ లీట్కే 1995లో చాలా కఠినమైన గీత గీశారు: ఒక అంశాన్ని బయట పెడితే కావలసిన పనే అసాధ్యమైపోయేటప్పుడు మాత్రమే దానికి లోపల చోటివ్వాలి. లినక్స్ అంత కఠినంగా ఉండదు, ఉండాలని నేనూ అనను. అయినా ప్రశ్న అక్కడి నుంచే మొదలు కావాలి.

మన చెరువు తూమును చూడండి. ఎంత తెరిస్తే అంత నీరు వదలడమే దాని పని. ఎవరి మడికి ముందు పారాలన్నది నీరటి చూసుకుంటాడు. వంతులు మారినప్పుడల్లా తూమును పగలగొట్టి మళ్లీ కట్టుకోము. సాధనం వేరు, విధానం వేరు అని 1970లలో కార్నెగీ మెలన్‌లో హైడ్రా కెర్నెల్ రాసినవారు పట్టుబట్టింది ఇందుకే. లినక్స్ 2.4లో కేహెచ్‌టీటీపీడీ అనే వెబ్ సర్వర్ కెర్నెల్ లోపలే ఉండేది, 2.6 వచ్చేసరికి దాన్ని తీసేశారు, ఎందుకంటే సెండ్‌ఫైల్ (ఫైలును నేరుగా నెట్‌వర్క్‌కు పంపేది), ఈపోల్ (ఎన్నో కనెక్షన్లను ఒకేసారి గమనించేది) వంటి అందరికీ పనికొచ్చే సాధనాలు ఉన్నప్పుడు బయటి సర్వర్లు కూడా వేగంగా నడవగలవు.

మీ ఆలస్యానికి కారణం యూజర్‌స్పేస్ (కెర్నెల్ బయట ప్రోగ్రాములు నడిచే చోటు) కాదు, కొలిచే పనినీ కార్డు మీద రాసే పనినీ ఒకే థ్రెడ్‌కు అప్పగించడం. కొలిచే ప్రోగ్రామును సీలో విడిగా రాసి, దానికి ఎస్‌సీహెచ్ఈడీ ఫైఫో ప్రాధాన్యం (మామూలు ప్రోగ్రాముల కన్నా ముందు నడిచే హక్కు) ఇచ్చి, ఎంలాక్ఆల్ అనే పిలుపుతో దాని మెమరీని కదలకుండా కట్టేయండి. ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్‌కు రెండు సెకన్లంటే బోలెడంత సమయం.

సూర్యాపేట నెట్‌వర్క్:
సార్, ఈ గీతను నేను ఒప్పుకోలేను. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (నెట్‌లో డేటాను రహస్యంగా పంపే దారి) 2020లో లినక్స్ 5.6తో కెర్నెల్‌లోకి వచ్చింది. అదే పని చేసే ప్రోగ్రాము బయట కూడా ఉంది కాబట్టి, లీట్కే లెక్కన దానికి లోపల చోటు దొరకకూడదు. కానీ బయట నడిచే వీపీఎన్‌లో ప్రతి ప్యాకెట్టూ కెర్నెల్ గడప దాటి ప్రోగ్రాము దగ్గరకు వెళ్లి, మళ్లీ అదే గడప దాటి రావాలి. 2018లో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక పెట్టిన రక్షణ వల్ల ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఆ దాటుడు ఇంకా బరువైంది. రోజంతా ప్యాకెట్లతో కుస్తీ పట్టేవారికి ఇది సిద్ధాంతం కాదు, బిల్లు.

తూము మాట బాగుంది, కానీ చెరువుకు అలుగు కూడా ఉంటుంది. కట్ట నిండితే నీరటిని లేపి అడగరు, నీరు తనంతట తానే అలుగు దూకుతుంది. మోటారును కాపాడటం వంతుల వ్యవహారం కాదు, అలుగు వ్యవహారం. ప్రాసెసర్ వేడి ప్రమాదపు హద్దు దాటితే లినక్స్ కూడా బయటి ప్రోగ్రాము నిర్ణయం కోసం ఆగదు, కెర్నెలే షట్‌డౌన్ మొదలుపెడుతుంది. జడ్చర్ల తమ్ముడు ఎస్ఎంఎస్‌ను బయటికి పంపి, ఆపే నిర్ణయాన్ని లోపలే ఉంచుకోవాలి.

నల్లగొండ ల్యాబ్:
అలుగు సంగతి నేను చూడలేదు, అంతవరకు మీ మాట నిజం. వైర్‌గార్డ్‌కు లోపల చోటు న్యాయమేనని కూడా ఒప్పుకుంటాను. అది సుమారు నాలుగు వేల లైన్లే కాబట్టి ఒక మనిషి కూర్చుని మొత్తం చదవగలడు. అయితే అలుగును నమ్మేది అందులో చెడిపోయే భాగం లేదు కాబట్టి. మాడ్యూల్‌కు ఆ గుణం లేదని దేవరకొండలో తేలిపోయింది. బయటి ప్రోగ్రాము చస్తే చూసుకోవడానికి కింద కెర్నెల్ ఉంటుంది, కెర్నెల్ థ్రెడ్డే చస్తే దాన్ని చూసుకునేవారు ఎవరు? మీరనే అలుగు కెర్నెల్ కన్నా కిందనే ఉండాలి. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ అనే కాపలా టైమరుకు లినక్స్‌లో చిన్న డ్రైవర్ మాత్రమే ఉంటుంది. బయటి ప్రోగ్రాము గడువులోగా దాన్ని తట్టకపోతే బోర్డు రీసెట్ అవుతుంది. రీసెట్ అయితే రిలే పడిపోయేలా వైరింగ్ చేస్తే చాలు.

ఎవరూ పెద్దగా తలచని భారం ఇంకొకటి ఉంది. కెర్నెల్‌లో పెట్టినదాన్ని ఏళ్ల తరబడి ఎవరో ఒకరు సాకాలి. కన్సోల్‌లో (అక్షరాలు మాత్రమే ఉండే తెరలో) షిఫ్ట్, పేజ్‌అప్ నొక్కితే పాత వరుసలు వెనక్కి జరిగే సదుపాయం ఎందరికో అలవాటు. సాకేవారు లేక, భద్రతా లోపం కూడా దొరికాక, 2020లో తీసేశారు. ఇక మీ మాడ్యూల్ అధికారిక కెర్నెల్‌లో లేనేలేదు. లోపలి ఫంక్షన్లు మారవని లినక్స్ ఎవరికీ మాట ఇవ్వదు కాబట్టి, వర్షన్ మారినప్పుడల్లా దాన్ని సరిచేసే పని మీ ఒక్కరి మీదే పడుతుంది.

జడ్చర్ల స్టార్టర్:
సార్ చెప్పినట్టు విడదీశాను. ఆంపియర్లు చదవడానికీ రిలే పిన్నుకూ కెర్నెల్‌లో ముందే ఉన్న డ్రైవర్లనే వాడుతున్నాను. ఆపే నిర్ణయానికి ఒక చిన్న సీ ప్రోగ్రాము, ఎస్ఎంఎస్‌కూ రీడింగులకూ వేరొకటి. ఒక్కో బోరుకు ఆంపియర్ల హద్దు ఒక్కో తీరుగా ఉంటుంది, అదే బోరుకు చైత్రంలో ఒకటి, కార్తీకంలో ఒకటి; మాడ్యూల్‌లో ఉన్నప్పుడు దాన్ని మార్చాలంటే మాడ్యూల్‌ను దింపి మళ్లీ ఎక్కించేవాడిని, ఇప్పుడు ఒక ఫైల్లో అంకె మారిస్తే సరిపోతోంది.

నిన్న షాపులో మోటారు నడుస్తుండగా కార్డు పీకాను. ఆపే ప్రోగ్రాము చలించలేదు. ఆ తరువాత కిల్ మైనస్ తొమ్మిది అనే బలవంతపు ఆదేశంతో దాన్నే చంపాను. వాచ్‌డాగ్ గడువు తీరగానే బోర్డు రీసెట్ అయి, రిలే టక్కున పడింది. అన్నా, మీరడిగిన అలుగు ఇదే అనుకుంటున్నాను. ఒక్క చిక్కు మిగిలింది: బోర్డు తిరిగి లేచాక మోటారు దానంతటదే మొదలు కాకూడదు, కానీ కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం మొదలు కావాలి. రీసెట్‌కు కారణమేమిటో వాచ్‌డాగ్ డ్రైవర్ చెప్పగలదా అని ఈ బోర్డు మీద పరీక్షిస్తున్నాను. అది తేలేదాకా దేవరకొండ తోటలో మామూలు స్టార్టరే ఉంటుంది.