దొంగకు అడ్డుపడితే ఉద్యోగం పీకేస్తారా?

గ్విన్నెట్‌వాసి:
2023లో మా అట్లాంటా పక్కనే, పీచ్‌ట్రీ కార్నర్స్ లులులెమన్ షాపులో జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముసుగులేసుకున్న మగాళ్లు జొరబడి చేతికందిన బట్టలన్నీ ఎత్తుకుపోయారు. ఇద్దరు ఉద్యోగినులు "బయటికి పొండి" అని అరిచి, గుమ్మం దాకా వెళ్లి, పోలీసులకు ఫోన్ చేశారు. ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి. ఇదేం న్యాయమండీ?

రాత్రిడ్యూటీ:
ఫోన్ చేసినందుకు కాదు, వెంటపడినందుకు తీసేశామని కంపెనీ అప్పటి సీఈఓ కాల్విన్ మెక్‌డొనాల్డ్ టీవీలో చెప్పాడుగా. నేను కొన్నేళ్లు గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో పనిచేశాను. పెద్ద నోటు రాగానే సేఫ్ సందులోంచి జారవిడిచేవాళ్లం, డ్రాయర్‌లో చిల్లరే మిగిలేది. తుపాకీ కనిపిస్తే డ్రాయర్ తెరిచి పక్కకు జరగమని ఓనరే నేర్పాడు. 2022లో నార్త్ కరోలినా హిల్స్‌బరోలో హోమ్ డిపో అనే ఇంటి సామాన్ల షాపులో ప్రెషర్ వాషర్లు (నీళ్లు జోరుగా చిమ్మి కడిగే మెషిన్లు) పట్టుకుపోతున్నవాణ్ణి ఆపబోయిన ఎనభై దాటిన పెద్దాయనను వాడు తోసేశాడు. కొన్ని వారాలకే ఆయన పోయారు. ఆ మెషిన్ల ఖరీదెంత, ప్రాణం ఖరీదెంత?

సూటిగా:
అడ్డుపడొద్దనే రూలు మంచిదే అన్నా. శిక్ష సంగతి చెప్పు. అదే జార్జియాలో, రింకన్ ఊళ్లో లోస్ అనే ఇంటి సామాన్ల షాపులో పనిచేసే 68 ఏళ్లావిడ దొంగల షాపింగ్ కార్ట్ పట్టుకుంటే మొహం వాచేలా కొట్టారు. పైగా కంపెనీ ఉద్యోగం తీసేసింది. జనం దుమ్మెత్తిపోశాక మళ్లీ పిలిచి ఇచ్చింది. రూలు అంత గట్టిదైతే అప్పుడెలా వంగింది?

రాత్రిడ్యూటీ:
రూలు తప్పిన ఒకరిని వదిలేస్తే రేపు మేనేజర్ "ఆవిడ ఆపింది, నువ్వెందుకు ఆపలేదు" అంటాడు తమ్ముడూ. ఆ టెన్షన్ మాకు తెలుసు.

సూటిగా:
అలా అనే మేనేజర్‌ను కట్టడి చేయాలి మరి. పనిచోట హింసను ఆపడానికి తెచ్చిన కాలిఫోర్నియా ఎస్‌బీ 553 బిల్లులో ముందు అదే ఉంది: సెక్యూరిటీ పనివాళ్లు కానివాళ్లను దొంగల మీదికి పంపకూడదని. వ్యాపార సంఘాలు ఎదురుతిరిగాక ఆ ముక్క ఎగిరిపోయింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న చట్టంలో భద్రతా ప్రణాళిక, ట్రైనింగ్ మిగిలాయి. రూలు తప్పితే ఉద్యోగం పోయేది మాత్రం కౌంటర్ దగ్గరున్నవాళ్లకే.

గ్విన్నెట్‌వాసి:
జార్జియాలో కారణం చెప్పకుండానే తీసేయొచ్చు, కాబట్టి కోర్టుకెళ్లినా పెద్దగా ఒరిగేది లేదు. చేయి వేయొద్దంటే ఒప్పుకుంటా. గుమ్మం దాకా వెళ్లి అరిచినందుకు ఒక హెచ్చరిక, మళ్లీ ట్రైనింగ్ చాలవా? రాత్రిడ్యూటీ గారూ, మీ ఓనర్ అయితే తీసేసేవాడా?

రాత్రిడ్యూటీ:
తిట్టేవాడు. తీసేయడు. రాత్రి షిఫ్టుకు ఇంకో మనిషి దొరకొద్దూ!