మన ఎండకు నిమ్మ కొలోన్ కొనడం దండగేనా?

గుంటూరు_ఎండ:
మా ఆఫీసులో మొదలైన వాదన ఇది. అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. సెలూన్‌లో గడ్డం గీశాక పటిక రుద్ది, ఆ పైన చల్లే నిమ్మ, లావెండర్ వాసన నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. అలాంటి పాతకాలపు కొలోన్, అంటే పలచటి సెంటు నీళ్లు, ఒకటి కొని రోజూ వాడదామనుకుంటున్నా. "గంటలో ఎగిరిపోయేదానికి డబ్బులెందుకు? అదే డబ్బుకి పొద్దున కొడితే రాత్రి దాకా ఉండే సెంటు వస్తుంది" అంటున్నారు మావాళ్లు. నా మట్టుకు నాకు మే నెలలో రాత్రి దాకా ఉండే వాసనంటేనే భయం. మీరేమంటారు?

అత్తరు_గల్లీ:
మీ ఆఫీసోళ్లు చెప్పిందే కరెక్టన్నా. కొలోన్‌ల సుగంధ నూనె నూటికి రెండు నుంచి ఐదు పాళ్లే ఉంటది. మిగిలిందంతా ఆల్కహాలు, నీళ్లు. ఆరిపోయే స్పిరిటుకు పైసలు పెట్టుడెందుకు? కన్నౌజ్ అత్తరు చూడుర్రి. డేగ్ అంటే పెద్ద రాగి బాన, అండ్ల పూలు, నీళ్లు పోసి కట్టెల మంట మీద కాస్తరు. ఆ ఆవిరి వెదురు గొట్టంల నుంచి పోయి గంధం నూనెల దిగుతది. గంధం ఆ వాసనను పట్టుకొని ఉంటది. మణికట్టుకు ఒక్క చుక్క రాస్తే సాయంత్రం దాకా ఢోకా లేదు. ఎండాకాలంల అయితే వట్టివేరును మించింది లేదు. ఇంకో మాట, నమాజుకు పోయేటప్పుడు మా నాన్న ఆల్కహాలు ఉన్నది ఏదీ ఒంటికి తగలనియ్యడు. మా గల్లీల చాలామంది ఇంతే. వాళ్లకు కొలోన్ ఊసే లేదు.

నిమ్మతొక్క:
నమాజు సంగతి వేరు, దాని మీద నాకు మాటే లేదు. మిగతా దానికి జవాబు చెబుతా.

నిమ్మ, నారింజ, బెర్గమోట్ (నిమ్మజాతి పండే) తొక్కల నూనెల్లో లిమొనీన్ లాంటి తేలికైన పదార్థాలు ఎక్కువ. ఒంటి వేడి తగలగానే అవి ఆవిరవుతాయి. ముక్కుకి గుప్పున తగిలేదీ అందుకే, నిలవనిదీ అందుకే. తొక్క వాసన నిజంగా తొక్క వాసనలాగే ఉండాలంటే అది పోవలసిందే. ఆల్కహాలు దండగన్నారు. అది ఆరుతూ చర్మం మీది వేడిని లాక్కుపోతుంది. మన ఉక్కపోతలో ఆ చల్లదనం కోసమే సగం మంది వాడతారు.

అసలు దీన్ని రోజంతా నిలవాలని ఎవరూ చేయలేదు. ఇటలీ నుంచి జర్మనీలోని కొలోన్ నగరానికి వచ్చిన యోహాన్ మరియా ఫరీనా 1708లో సోదరుడికి ఉత్తరం రాస్తూ, తాను కనిపెట్టిన పరిమళం వాన వెలిసిన ఇటలీ వసంతపు ఉదయాన్ని గుర్తు చేస్తోందని సంబరపడ్డాడు. 1709లో మొదలైన ఫరీనా వాళ్ల దుకాణం నేటికీ నడుస్తోంది. అదే ఊళ్లో గ్లోకెన్‌గాస్సె వీధి నుంచి వచ్చిందే 4711 అనే కొలోన్. ఆ అంకె ఒక ఇంటి నంబరు. వీటిలో నిమ్మజాతి తొక్కల నూనెలతో పాటు నారింజ పూల నూనె, లావెండర్, రోజ్‌మేరీ ఉంటాయి. స్నానం అయ్యాక అరచేతిలో ఒంపుకుని మెడకీ చేతులకీ పట్టించుకునేవి ఇవి. తుర్కియేలో (టర్కీ) నేటికీ ఇంటికొచ్చిన వాళ్ల చేతుల్లో నిమ్మ కొలోన్యా, అంటే వాళ్ల కొలోన్, పోస్తారు. అక్కడి మంగలి షాపుల్లో గడ్డం పని ముగిసేదీ దానితోనే. అందులో ఆల్కహాలు సాధారణంగా నూటికి ఎనభై పాళ్లు. అందుకే 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ దుకాణాల ముందు జనం బారులు తీరారు.

ఇక నిలవడం గురించి. షేర్ ఆటోలో, లిఫ్టులో, కిటికీ తెరవని ఏసీ గదిలో ఎనిమిది గంటలు గుబాళించే సెంటు పక్కవాడి తలనొప్పి. నా వాసన నా దగ్గరకి వచ్చినవాళ్లకే తెలియాలి, కాసేపటికి తగ్గాలి, కావాలంటే మళ్లీ నేనే చల్లుకోవాలి. దీన్ని నేను మర్యాద అంటాను. ఈ విషయంలో వెనక్కి తగ్గను.

పాత_సెలూన్:
అన్నా, ఇద్దరూ ఒక తేడా వదిలేస్తున్నారు. గుంటూరు అన్న చెప్పిన సెలూన్ వాసన ఉత్తి నిమ్మ కాదు. లావెండర్ కింద ఎండుగడ్డి వాసన వేసే కూమరిన్, చెట్ల మీది నాచులాంటి ఓక్‌మాస్, పౌడర్ లాంటి మస్క్ (కస్తూరి వాసన) ఉంటాయి. 1882లో ఉబిగాన్ అనే ఫ్రెంచి కంపెనీ తెచ్చిన ఫుజేర్ రొయాల్ అనే సెంటు దగ్గర మొదలైన బాణీ అది. పైన నిమ్మ పోయినా కింద అడుగు మిగిలి ఉంటుంది కాబట్టి ఈ రకం ఇంకాసేపు నిలుస్తుంది. డియోర్ కంపెనీ వాళ్ల "ఓ సోవాజ్" అనే సెంటు, 1966లో ఎడ్మండ్ రుద్నిత్స్కా చేసినది, పైన నిమ్మ పెట్టి, లోపల మల్లె పోలిక ఉన్న హెడియోన్ అనే పదార్థం వేసి తాజాదనాన్ని సాగదీసింది. రాత్రి దాకా ఉండే ఘాటుకీ గంటలో పోయే నీళ్లకీ మధ్య దారి ఉంది. ముందు అది చూడండి.

నీడపట్టున:
వాసన సరే, చర్మం సంగతి ఎవరూ అనలేదు. బెర్గమోట్ తొక్క నూనెలో బెర్గాప్టెన్ అనేది ఉంటుంది. అది ఉన్న చర్మానికి ఎండ తగిలితే మచ్చ కట్టి, నల్లబడి నెలల తరబడి ఉండొచ్చు. మెడ పక్క కారినట్టు చారలు పడతాయి. ఇప్పటి కంపెనీలు చాలావరకు బెర్గాప్టెన్ తీసేసిన నూనె వాడతాయి, కానీ ఊరూ పేరూ లేని చవక సీసాలకీ, ఇంట్లో నూనెలు కలుపుకునేవాళ్లకీ ఆ పూచీ లేదు. బైకు మీద తిరిగేవాళ్లు ఎండ తగిలే చోట పూయకండి. చొక్కా లోపలి వైపో, రుమాలుకో చల్లుకోండి. కత్తి పడిన బుగ్గ మీద అసలే వద్దు.

అత్తరు_గల్లీ:
చూసిన్రా, ఇన్ని జాగ్రత్తలు. అత్తరుకు ఇవేవీ లేవు.

నిమ్మతొక్క:
అలా తేల్చేయకండి తమ్ముడూ. గంధం ధర పెరిగాక బజారులో దొరికే చాలా అత్తరుల అడుగు గంధం నూనె కాదు, లిక్విడ్ పారఫిన్ అనే వాసన లేని చవక నూనే. మీరు చెప్పిన రాగి డేగ్ సరుకు మీ గల్లీలో పెద్దలకి తెలుస్తుంది గానీ కొత్తగా కొనేవాడికి తెలియదు. అసలైన అత్తరు గొప్పదే. చలికాలంలో, పెళ్లికి నేనూ రాసుకుంటా. రోజువారీ ఆఫీసుకి మాత్రం కొలోనే.

అత్తరు_గల్లీ:
పారఫిన్ మాట నిజమే, కొనేటోడు షాపాయనను గట్టిగ అడగాలె. కానీ ఆఫీసుకైనా వట్టివేరే నా మాట. అది ఘాటు కాదు, తడి మట్టి లెక్క చల్లగుంటది.

గుంటూరు_ఎండ:
అందరికీ థ్యాంక్స్. లావెండర్ అడుగున్న రకం చిన్న సీసా తీసుకుంటున్నా. పొద్దున రుమాలుకి, సాయంత్రం స్నానం అయ్యాక ఒంటికి. ఎండ లేని వేళ కాబట్టి నీడపట్టున గారి మాట కూడా నిలబెట్టినట్టే. బైకు డిక్కీలో పెట్టుకుని తిరగొచ్చా?

నిమ్మతొక్క:
వద్దు. వేడి, వెలుతురు, గాలి తగిలితే లిమొనీన్ పాడవుతుంది. వాసన పుల్లగా మారడమే కాదు, అలా మారినది కొందరికి దద్దుర్లు తెస్తుంది. అన్ని సెంట్లకంటే నిమ్మజాతివే త్వరగా చెడతాయి. బీరువాలో చీకటి మూలన పెట్టు, వేసవిలో ఫ్రిజ్ తలుపు అరలో పెట్టినా మంచిదే. ఆఫీసుకి కావాలంటే పది మిల్లీలీటర్ల స్ప్రే సీసాలో పోసుకుని బ్యాగులో వేసుకో.