ఊరే లేని చోట ఊరి భయం ఎందుకు?

బాయిపని:
సింగరేణిలో బాయి దిగి రిటైరైన మనిషిని. మా అబ్బాయి 1959 నాటి ఇంగ్లిష్ సినిమా ఒకటి చూపించాడు, ‘ద వరల్డ్, ద ఫ్లెష్ అండ్ ద డెవిల్’. హీరో రాల్ఫ్ (హ్యారీ బెలఫాంటే) పెన్సిల్వేనియా బొగ్గు గనిలో ఇరుక్కుపోతాడు. తవ్వుతున్న చప్పుడు కొన్నాళ్లు వినపడి ఆగిపోతుంది. ఆ చప్పుడు ఆగడమంటే ఏమిటో బాయి దిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. తనే దారి చేసుకుని పైకొస్తే, రేడియోధార్మిక ధూళికి లోకం ఖాళీ.

న్యూయార్క్‌లో సారా అనే తెల్ల అమ్మాయి కనిపిస్తుంది. ఇతను నల్లజాతివాడు. ఆమెకు కరెంటు తెప్పిస్తాడు, జుట్టు కత్తిరిస్తాడు, కానీ వేరే బిల్డింగులో ఉంటాడు. ఆమె పుట్టినరోజున తానే వెయిటరై వడ్డిస్తాడు, పక్కన కూర్చోమంటే కూర్చోడు. తర్వాత పడవలో బెన్సన్ అనే తెల్లవాడు వస్తాడు. ఇక ఇద్దరి మధ్య పోటీ, చివరికి తుపాకులు.

నాకు అర్థం కానిది ఒకటే. చూసేవాడు లేడు, నిలదీసేవాడు లేడు. మరి రాల్ఫ్ ఎవరికి భయపడ్డాడు? మా ఇంటావిడ ఇంకోటి అడిగింది: "వీళ్లిద్దరూ కొట్టుకుంటున్నారు సరే, ఆ పిల్లను ఎవరన్నా అడిగారా?"

పాత రీలు:
బాయిపని గారూ, ఆ భయం ఉత్త భయం కాదు. 1958 జూన్‌లో రిచర్డ్ లవింగ్ అనే తెల్లవాడు, నల్లజాతి అమ్మాయి మిల్‌డ్రెడ్ వాషింగ్టన్‌లో పెళ్లి చేసుకున్నారు. జులైలో వర్జీనియాలోని ఇంట్లో నిద్రపోతుంటే అర్ధరాత్రి షెరీఫ్ (స్థానిక పోలీసు అధికారి) వచ్చి, తెల్లవాళ్లు నల్లవాళ్లను పెళ్లాడటం అక్కడి చట్టం ప్రకారం నేరమని అరెస్టు చేశాడు. 1959 జనవరిలో ఏడాది జైలు శిక్ష వేసి, పాతికేళ్లు రాష్ట్రం విడిచి వెళితే అమలు చేయం అన్నారు. సరిగ్గా ఈ సినిమా వచ్చిన సంవత్సరమే. 1967లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాలను కొట్టేసేనాటికి కూడా 16 రాష్ట్రాల్లో అవి ఉన్నాయి. హాలీవుడ్ సినిమాలు పాటించే నియమావళిలో నల్ల, తెల్ల ప్రేమల మీద నిషేధం 1956లో తీసేశారు గానీ, సినిమా తీసేవాళ్లకు బెరుకు పోలేదు. రాల్ఫ్, సారాల మధ్య ప్రేమను పలచన చేశారని బెలఫాంటే కూడా బాధపడ్డాడు. సినిమా తీసిన కంపెనీల్లో ఆయనదీ ఒకటి!

గాలివాటు:
రంగు సంగతి పక్కన పెట్టండి. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి మిగిలితే గొడవ ఎక్కడైనా తప్పదు. పసిఫిక్‌లోని పిట్‌కెయిర్న్ దీవి చూడండి, చంపుకున్నారు కదా.

పాత రీలు:
తమ్ముడూ, పిట్‌కెయిర్న్ కథ పూర్తిగా చూడు. అక్కడే నా మాట ఇంకా గట్టిపడుతుంది. బౌంటీ అనే బ్రిటిష్ ఓడలో కెప్టెన్ మీద తిరగబడ్డ తొమ్మిదిమంది తెల్ల నావికులు 1790లో ఆ ఖాళీ దీవిలో దిగారు. వెంట పాలినేషియన్ (పసిఫిక్ దీవుల) ఆడవాళ్లు, ఆరుగురు పాలినేషియన్ మగవాళ్లు. తెల్లవాడికి ఒక్కొక్కడికి ఒక భార్య, ఆ ఆరుగురికీ కలిపి ముగ్గురే. ఆ నావికుల్లో విలియమ్స్ అనేవాడి భార్య చనిపోతే, ఆ ముగ్గురిలోనూ ఒకామెను లాక్కున్నాడు. 1793లో తిరుగుబాటు నాయకుడు ఫ్లెచర్ క్రిస్టియన్‌తో సహా అయిదుగురు తెల్లవాళ్లు చచ్చారు, ఆ తర్వాత పాలినేషియన్ మగవాళ్లంతా పోయారు. 1808లో అమెరికన్ ఓడ టోపాజ్ వచ్చేసరికి మిగిలిన మగవాడు జాన్ ఆడమ్స్ ఒక్కడే, చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు. ఇది సహజంగా పుట్టిన పోటీ ఎలా అవుతుంది? రంగు చూసి పంపకాలు వేశారు, భూమి కూడా తెల్లవాళ్లే పంచుకున్నారు.

అమ్మగారి ప్రశ్నకు జవాబు కూడా అక్కడుంది. 1794లో ఆ ఆడవాళ్లు పడవ కట్టుకుని దీవి వదిలిపోవాలని చూశారు. పడవ బోల్తా పడింది.

బాయిపని:
ఆ పడవ సంగతి చెప్పగానే మా ఆవిడ చాలాసేపు దాని గురించే మాట్లాడింది. అయితే సినిమా ముగింపు మీద నా కోపం ఇంకా పెరిగింది. ఐక్యరాజ్య సమితి దగ్గర ‘ఖడ్గాలను నాగటి నక్కులుగా’ (కత్తులను నాగలి కర్రులుగా మార్చాలని) అనే బైబిల్ వాక్యం చదివి రాల్ఫ్ తుపాకీ పారేస్తాడు. అంతవరకూ బాగుంది, నాకు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత సారా ఇద్దరి చేతులూ పట్టుకుని ముగ్గురూ నడిచిపోతారు. సినిమా అంతా ఆమె చూపు రాల్ఫ్ మీదే ఉందని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఆ ఒక్క మాట ఆమె నోటితో చెప్పించి తీరాల్సింది.