ముత్తాత పెట్టెలోని నోట్లు: దాచాలా, చూపాలా?

చీపురుపల్లి మనవడు:
మా ముత్తాత భోషాణం ఈ మధ్యే తెరిచాం. పైన జాతకాలు, శుభలేఖలు, రంగం (రంగూన్) నుంచి వచ్చిన జాబులు. అడుగున ఎర్రగుడ్డ మూటలో నలభై దాకా ప్రామిసరీ నోట్లు, తనఖా పత్రాలు. ఆయన వడ్డీకి ఇచ్చేవారని తెలుసు గానీ ఇంతమందికని తెలియదు. వంశవృక్షంతో పాటు ఇవన్నీ స్కాన్ చేసి అందరికీ కనబడేలా పెడదామంటే పెద్దనాన్న ససేమిరా అంటున్నారు. “జాబులు పెట్టుకో, నోట్లు తగలబెట్టు. అప్పుపడ్డవాళ్ల మనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు, వాళ్ల పరువెందుకు తీస్తావు?” అని. మీరేమంటారు?

రాజాం కోడలు:
ఎవరి పరువో ఆయన్నే అడగండి. నోటులో అప్పు ఒక్కటే కాదు, వడ్డీ కూడా రాసి ఉంటుంది. అన్నట్టు శుభలేఖలు జాగ్రత్త. వంశవృక్షాల్లో కనబడని ఆడపిల్లల పేర్లు దొరికేది వాటిలోనే.

పాత దస్తావేజు:
ముప్పై ఏళ్లు పత్రాలు రాసి బతికినవాణ్ణి. కోర్టు భయంతో అయితే తగలబెట్టనక్కర్లేదు. ప్రామిసరీ నోటుకు గడువు 3 ఏళ్లు. తనఖా విడిపించుకోవడానికి 1963 కాలపరిమితి చట్టం ఇచ్చింది 30 ఏళ్లు. చాలావరకు ఎప్పుడో కాలం చెల్లిపోయాయి. లామినేషన్ మాత్రం చేయించకండి, తర్వాత విడదీయబోతే కాగితమే పోతుంది.

చీపురుపల్లి మనవడు:
గొలుసుకట్టు రాత, సగం అర్థం కావడం లేదు. ఒకదానిమీద “ప్రభవ” అని ఉంది. అది 1867లోనూ వచ్చింది, 1927లోనూ వచ్చింది. ఏదనుకోవాలి?

పాత దస్తావేజు:
స్టాంపు మీద బొమ్మ చూడండి. విక్టోరియా రాణి అయితే 1867, ఐదో జార్జి అయితే 1927. ఫసలీ (పాత శిస్తు లెక్కల) సంవత్సరం వేసి ఉంటే ఇంకా సులువు, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

నాగావళి గట్టు:
నేను వేలిముద్ర వేసినవాళ్ల వైపు మనిషిని. మా ఇంట్లో భోషాణం లేదు. మా తాత రంగంలో పనిచేసి, 1942లో జపాను బాంబులకు అడవులు పట్టి నడిచి వచ్చాడు. చేతిలో ఒక్క కాగితం మిగల్లేదు. ఆయన తండ్రి పేరు మాలో ఎవరికీ తెలియదు. చివరికి పక్క ఊరి షావుకారు గారి పెట్టెలో దొరికింది. నోటు మొదటి వరుసలోనే “ఫలానావారి కుమారుడు, ఫలానా గ్రామ కాపురస్తుడు” అని రాస్తారు కదా, అక్కడ. అప్పు 30 రూపాయలు. మా అమ్మ అడిగింది ఒక్కటే: “తీర్చాడా?” వెనక మూడుసార్లు చెల్లు రాసి ఉంది. నాలుగోసారిది లేదు.

పాత దస్తావేజు:
పూర్తిగా తీరిన నోటు షావుకారు దగ్గర ఉండదు బాబూ. తిరిగి ఇచ్చేస్తారు.

గరివిడి:
అందరూ నాగావళి గారిలా తీసుకోరు. మా ఊరి కాగితమొకటి చూశాను, అప్పు కింద కొడుకును కంబారిగా (పాలేరుగా) పెట్టినట్టు రాసి ఉంది. ఆ ఇంటివాళ్లకు ముందు చూపించాలి. లోకానికి చూపాలా వద్దా అన్నది వాళ్లు చెప్పాలి, స్కాన్ చేసినవాళ్లు కాదు.

నాగావళి గట్టు:
ఒప్పుకుంటాను. కానీ తగలబెడితే అడగడానికి కూడా ఏమీ ఉండదు.

చీపురుపల్లి మనవడు:
ఈ రోజు నోట్లు పక్కనపెట్టి తనఖా పత్రాలు చదివాను, మొత్తం పదకొండు. వాటిలో రెండింటి హద్దులు తూర్పున చెరువుగట్టు, దక్షిణాన బండిదారి. ఇప్పుడు పెద్దనాన్న దున్నిస్తున్న పొలం అదే.