ముహూర్తం 10:42కి, ఫోటోషూట్ రెండు గంటలు: ముందు దేనికి టైమ్ ఇవ్వాలి?

చెల్లిపెళ్లి
వైశాఖంలో మా చెల్లి పెళ్లి. రాజమండ్రిలో ఫంక్షన్ హాలు, ముహూర్తం ఉదయం 10:42. ఫోటోలవాళ్లు నిన్న టైమ్‌టేబుల్ పంపారు. 7 నుంచి 9 దాకా పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరికీ కలిపి షూట్. పంతులుగారేమో అమ్మాయిని 8:30కల్లా గౌరీపూజకి కూర్చోబెట్టమన్నారు. తెర తీసేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదు, కలిపి ఫోటోలేంటని అమ్మ పట్టుబట్టింది. అబ్బాయి వాళ్లు షూట్ ఉండాల్సిందే అంటున్నారు. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్. పెళ్లిళ్లు చేసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు
ముహూర్తం పెట్టుకున్నాక ఇంక అడగడానికేముంది బాబూ. లగ్నం సుమారు రెండు గంటలుంటుంది కదా, అటూ ఇటూ అయినా పర్లేదని చాలామంది ధీమాగా ఉంటారు. శుభలేఖలో ‘పుష్కరాంశ’ అని వేయిస్తాం చూడండి, అది లగ్నంలో తొమ్మిదో వంతు. అంటే సుమారు 13 నిమిషాలు. ఆ కాసేపట్లోనే జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టాలి. తాళి కట్టేదే ముహూర్తం అనుకునేవాళ్లున్నారు, కాదు. జీలకర్ర బెల్లమే సుముహూర్తం. దాని ముందు రెండు గంటలు ఫోటోలకిస్తే మిగతావన్నీ పరుగులే.

లెన్స్‌వెనక
నేను హన్మకొండలో 14 ఏళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నా. 7 గంటలని మేం ఊరికే అడగం. మే నెలలో పొద్దెక్కేకొద్దీ ఎండ నెత్తిమీదికొస్తుంది, కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. ముహూర్తం తర్వాత తీద్దామంటే ఏముంటుంది? చాలాచోట్ల పట్టుచీర మార్చి మధుపర్కాలు కట్టిస్తారు. నెత్తిన జీలకర్ర బెల్లం కారుతుంటుంది, హోమం పొగకి కళ్లు ఎర్రబడతాయి. ఆ పట్టుచీర కోసం కంచి దాకా వెళ్లొచ్చినవాళ్లే, ఆల్బమ్‌లో అది సరిగ్గా పడకపోతే ఏడాది తర్వాత కూడా మాకు ఫోన్ చేసి తిడతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరినీ నిలబెట్టండి చూద్దాం. నిలబడలేరు.

అక్షింతలు
ప్రీ వెడ్డింగ్ షూట్ చేశారా? చేస్తే ఇంక తెర గొడవెందుకు?

చెల్లిపెళ్లి
చేశారండీ, అరకులో. అమ్మకి అదీ ఇష్టం లేదు.

గోదారిగట్టు
అక్షింతలు గారూ, ఆ మాట చాలామంది అంటున్నారు. నిశ్చితార్థంలో చూసుకున్నారు, సినిమాలకెళ్లారు, అయినా తెర పడుతుంది. ఆ తెర వాళ్లు ఎప్పుడూ చూసుకోలేదని కాదు. ఆ రోజు, ఆ పీటల మీద, ఆ బట్టల్లో మొదటి చూపు సుముహూర్తానికి పడాలని. పొద్దున్నే అదే చీరలో, అదే పంచెలో రెండు గంటలు పక్కపక్కన నిలబడి చేతులు పట్టుకున్నాక తెర తీస్తే వాళ్ల ముఖంలో ఏముంటుంది? లెన్స్‌వెనక గారు ఫోటోల మనిషి కదా, ఆయనే చెప్పాలి.

లెన్స్‌వెనక
నిజమే, తెర తీసినప్పటి ముఖం ఇంకెప్పుడూ దొరకదు. నాకూ అదే ఇష్టమైన ఫోటో. కానీ ఆ క్షణంలో నాకేం కనబడుతుందో తెలుసా? ముప్ఫై సెల్‌ఫోన్లు, మేనమామల వీపులు, అక్షింతలు వేయడానికి ముందుకొచ్చిన చేతులు. ఆ ఒక్కదాన్ని నమ్ముకుని ఆల్బమ్ చేయలేం. అందుకే ముందే కొన్ని తీసిపెట్టుకుంటాం.

కరీంనగర్‌బిడ్డ
మా దిక్కు ఎదుర్కోళ్లు లేటైతే అన్నీ లేటే. బరాత్ హాల్ గేటు కాడ గంటసేపు ఆగుతది. ఫోటోల్ని ఎందుకంటరు?

లెన్స్‌వెనక
అదీ మాట. ముహూర్తం దాటిన పెళ్లిళ్లు నేను చాలా చూశా. ఎక్కువసార్లు ఆలస్యం విడిది నుంచి మొదలవుతుంది. టిఫిన్లు లేటు, బ్యాండు లేటు, అబ్బాయి మేనత్త ఇంకా రాలేదు. చివరికి పంతులుగారు విసుక్కునేది కెమెరా పట్టుకున్నవాడి మీద. వియ్యంకుల్ని ఎవరూ ఏమీ అనలేరు, మేం డబ్బు తీసుకునేవాళ్లం కాబట్టి మమ్మల్నంటారు.

గోదారిగట్టు
బాసికం తీసి ఒక్క ఫోటో అని అడిగేది వియ్యంకులా? నుదుటన కట్టిన బాసికం కళ్లకి అడ్డొస్తోందని పైకి జరిపిస్తారు మీవాళ్లు. నేను కళ్లారా చూశాను.

లెన్స్‌వెనక
నేనెప్పుడూ అడగలేదు. అందరినీ ఒక గాటన కట్టకండి.

అక్షింతలు
బాసికం జరిపితే కొంపేం మునగదు కదా.

గోదారిగట్టు
మీకు మునగదు. పెళ్లి జరుగుతున్నది మీకు కాదు కాబట్టి. అసలు ఇవన్నీ ఎవరి కోసం చేస్తున్నాం? రేపు ఫోన్‌లో పెట్టుకోవడానికా?

లెన్స్‌వెనక
పెద్దవారు, గౌరవిస్తా. కానీ మీ కోపం టైమ్‌టేబుల్ మీద ఉన్నట్టు లేదు. మీకెవరో ఏదో చేశారు, దాన్ని మా అందరి మీదా చూపిస్తున్నారు.

గోదారిగట్టు
అవును, చేశారు. అడిగారు కాబట్టి చెప్తా.

మా అమ్మాయి పెళ్లికి ముహూర్తం 11:16. కన్యాదానం అయ్యేదాకా తల్లిదండ్రులు ఏమీ తినకూడదని ముందు రాత్రి నుంచి మేమిద్దరం ఉపవాసం. నాకు షుగరు. కాళ్లు కడిగే ఘట్టం వచ్చింది. పళ్లెంలో అబ్బాయి పాదాలు, మా ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తోంది, నేను కడిగాను. లైటు సరిగ్గా పడలేదు మళ్లీ అన్నారు. మళ్లీ వంగాను. ఈసారి మా ఆవిడ కొంగు అడ్డొచ్చిందట. మూడోసారి వంగినప్పుడు పళ్లెంలో నీళ్లు రెండుగా కనబడ్డాయి, పీట అంచు పట్టుకున్నాను. ‘మళ్లీ’ అన్నది ఫోటోగ్రాఫరు కాదు. వెనకనుంచి వియ్యపురాలు. నేను కాదనలేకపోయాను, ఆడపిల్ల తండ్రిని. నా కడుపులో ఉన్నది అది.

కరీంనగర్‌బిడ్డ
మనసు కలుక్కుమన్నది సార్.

పెద్దకోడలు
ఇందాకటి నుంచి చదువుతున్నాను. బాబాయ్‌గారూ, మీ బాధ అర్థమైంది. నాది దీనికి ఎదురు. నా పెళ్లిలో నాన్న మా ఆయన కాళ్లు కడిగినప్పటి ఫోటో ఒక్కటీ లేదు. ఆ టైమ్‌లో ఒకాయన బ్యాటరీ మార్చుకుంటున్నాడు, రెండో ఆయన బయట డెకరేషన్ తీస్తున్నాడు. ఆల్బమ్‌లో పూల గేటువే పదకొండు ఫోటోలున్నాయి. రెండేళ్లకి నాన్న పోయారు. ఎవరో బంధువు ఫోన్‌లో తీసిన వీడియోలో నాన్న వీపు, నెత్తిన కండువా మాత్రం కనబడతాయి. ఆ రోజు తెలిసుంటే ‘నాన్నా, మళ్లీ వంగు’ అని నేనే అడిగేదాన్ని. అది తప్పని నాకిప్పటికీ అనిపించదు.

గోదారిగట్టు
అమ్మా, నా కూతురు అడిగుంటే నాలుగోసారీ వంగేవాణ్ణి.

లెన్స్‌వెనక
సారూ, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పెద్దకోడలు గారు చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు మా తప్పే. కాళ్లు కడగడం, జీలకర్ర బెల్లం, తాళి, ఈ మూడింటికీ ఒక మనిషి కదలకుండా అక్కడే ఉండాలి. పొద్దున రెండు గంటల షూట్‌తో అలసిపోయి, అసలు ఘట్టానికి బ్యాటరీలు వెతుక్కునే టీమ్‌లు ఉన్నాయి, కాదనను.

చెల్లిపెళ్లి గారూ, 7 గంటలని పట్టుకోకండి. మేలో మీ రాజమండ్రిలో 5:30 ప్రాంతంలో సూర్యోదయం. 6:15కి అమ్మాయిని ఒక్కదాన్నే పట్టుచీరలో తీయించండి, అదే టైమ్‌కి అబ్బాయిని విడిదిలో ఇంకొకరు తీస్తారు. ముప్పావుగంట చాలు. ఇద్దరివీ కలిపి సాయంత్రం. కాకపోతే మేకప్ 4:30కి మొదలవ్వాలి, అమ్మాయికి నిద్రుండదు.

రిసెప్షన్ లెక్క కూడా చూసుకోండి. 400 కుటుంబాలు స్టేజీ ఎక్కితే, ఒక్కో ఫోటోకి 20 సెకన్లనుకున్నా రెండు గంటల పైమాటే. అందుకే సాయంత్రం ఫోటోలు జనం రాకముందే అయిపోవాలి.

అక్షింతలు
నేను తొందరపడి అన్నాను గోదారిగట్టు గారూ. ఏమనుకోకండి.

చెల్లిపెళ్లి
అందరికీ థ్యాంక్స్. రాత్రి ఇది మొత్తం చెల్లికి చదివి వినిపించాను. 6:15కి ఒక్కదాన్నే తీయించుకోవడానికి సరేనంది, నిద్ర గురించి బాధ లేదంది. తెర దగ్గర, కాళ్లు కడిగే దగ్గర ‘మళ్లీ’ అనే మాట ఉండకూడదని ఫోటోలవాళ్లకి రాసి పంపాను. అమ్మ శాంతించింది. అబ్బాయి వాళ్లతో ఇంకా మాట్లాడాలి, కలిపి తీసేది సాయంత్రానికి మార్చామంటే ఏమంటారో. ఆ ఫోన్ నాన్న చేయనన్నారు, నేనే చేస్తున్నా. నాన్నకి బీపీ ఉంది, ఉపవాసం గురించి పంతులుగారిని అడిగితే పాలు, పండు తీసుకోవచ్చన్నారు.

పెద్దకోడలు
కాళ్లు కడిగే దగ్గర నిలబడే మనిషి ఎవరో పేరుతో సహా ముందే అడగండి తమ్ముడూ. నాన్న ముఖం కనబడే వైపు నిలబడమనండి, అబ్బాయి వైపు కాదు.

గోదారిగట్టు
బాబూ, మీ నాన్నగారి బీపీ మాత్రల డబ్బా ఆ రోజు ఎవరి దగ్గరుంటుందో కూడా ఆ కాగితంలోనే రాయండి.