ఇంట్లో పని చేసుకున్న కారుతో ట్రాక్ డేకి వెళ్లొచ్చా?

మొదటి ల్యాప్:
వచ్చే నెల ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి, పేరిచ్చాను. కారు రోజూ ఆఫీసుకు నడిపేదే. ఏడాదిగా సెలవు రోజుల్లో కూర్చుని నేనే పని చేసుకున్నాను. లోయరింగ్ స్ప్రింగులు, ముందు చక్రాలకు గట్టి బ్రేక్ ప్యాడ్లు, వెనక చక్రాలను బయటికి జరిపే 15 మి.మీ. స్పేసర్లు, ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే ఒక ఆయిల్ కూలర్. ఏదీ మెకానిక్ చేత చేయించలేదు. కొందరేమో ముందు స్టాక్ కారుతో, అంటే ఏ మార్పులూ చేయని కారుతో, వెళ్లమంటున్నారు, కొందరు ఇంత కష్టపడింది ఇందుకే కదా, వెళ్లు అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత స్పానర్:
వద్దనే అంటాను. మీరు రాసినదాంట్లో బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా మోసే ద్రవం, ప్రస్తావనే లేదు. వేగం 60 నుంచి 120కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. రోడ్డు మీద అంత గట్టిగా బ్రేక్ వేసే అవసరం ఎప్పుడో గానీ రాదు. ట్రాక్ మీద ల్యాప్‌కి నాలుగైదు సార్లు వేస్తాం, మధ్యలో చల్లారే సమయం దొరకదు. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే లైన్లో ఆవిరి చేరుతుంది, పెడల్ నేలకు తగులుతుంది, కారు మాత్రం ఆగదు. ముందు స్టాక్ కారుతో నేర్చుకోండి.

గ్యారేజ్ రాత్రులు:
మీరు చెప్పిన ఫ్లూయిడ్ స్టాక్ కారులోనూ అలాగే మరుగుతుంది కదా? దాన్ని ఇంటి పనికి ఎందుకు అంటగడుతున్నారు? ఆరేళ్లుగా నా చేత్తో చేసుకున్న కారుతోనే ట్రాక్‌కి వెళ్తున్నాను. వారం ముందు ఫ్లూయిడ్ మారుస్తాను, ప్యాడ్ల మందం కొలుస్తాను, వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగిస్తాను. మొదటి సెషన్ అయ్యాక చల్లారనిచ్చి మళ్లీ చూస్తాను. ఒకే ఒక్కసారి టైం లేక క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పని వర్క్‌షాప్‌కి ఇచ్చాను. ఇంటికొచ్చి అనుమానంతో చక్రం విప్పి చూస్తే క్యాలిపర్ బోల్టు వేళ్లతో తిప్పితే తిరిగింది. వేళ్లతో! డబ్బు తీసుకుని చేసిన పని అది. ఆ కారులో కూర్చునేది నేను, కాబట్టి నేనైతే అలా వదలను. తమ్ముడూ, నువ్వు వెళ్లు.

రెండో గేర్:
హెల్మెట్ ఉందా? జాకీ, నీళ్ల సీసాలు, మ్యాట్లు బయట పెట్టేయండి. మ్యాట్ జారి పెడల్ కిందికి పోతే చాలా ప్రమాదం.

పాత స్పానర్:
గ్యారేజ్ గారూ, వారం ముందు మారుస్తానన్నారు. ఏ ఫ్లూయిడ్? కొత్తగా తెరిచిన డబ్బానా, ఆరు నెలలుగా షెల్ఫ్‌లో ఉన్నదా? మూత ఒకసారి తీశాక గాలిలోని తేమ లోపలికి వెళ్తూనే ఉంటుంది. చాలామంది మార్చాను అనుకునేది అలా పాడైన ఫ్లూయిడే.

గ్యారేజ్ రాత్రులు:
డాట్ 5.1, ఎప్పుడూ కొత్త డబ్బానే. దాని హద్దులు కొత్తలో 260, తేమ పీల్చాక 180. ఇప్పుడైనా ఒప్పుకుంటారా, లేక డబ్బా మీద తేదీ కూడా చెప్పాలా?

వాన గీత:
కొత్తవాళ్లు చదువుతున్నారని రాస్తున్నాను. డాట్ 5.1 వేరు, డాట్ 5 వేరు. డాట్ 5 సిలికాన్ ఫ్లూయిడ్, మామూలు వాటితో కలపకూడదు.

పాత స్పానర్:
5.1 అయినా తేమ పీల్చుకుంటుంది. బ్రేకులు చల్లారడానికి సెషన్ చివర ఒక ల్యాప్ వాటిని వాడకుండా నెమ్మదిగా తిరుగుతారా? కార్లు ఆపే పిట్‌లోకి రాగానే, బ్రేకులు ఇంకా వేడిగా ఉండగానే, హ్యాండ్‌బ్రేక్ లాగేస్తారా?

గ్యారేజ్ రాత్రులు:
నాకు పరీక్ష పెడుతున్నారా? అడిగినది ఆ తమ్ముడు, అతని కారు గురించి. మీరు మాత్రం నిన్నటి నుంచి నా ఫ్లూయిడ్ పట్టుకుని వేలాడుతున్నారు. సూటిగా చెప్పండి. ఇంట్లో పని చేసుకునేవాళ్లంటేనే మీకు చిన్నచూపు. మాకు చేతకాదని మీ ఉద్దేశం.

నట్టు బోల్టు:
ఎవరూ స్పేసర్ల సంగతి ఎత్తలేదు. 15 మి.మీ. స్పేసర్‌ని పాత స్టడ్ల (వీల్ నట్లు ఎక్కే మరల కడ్డీలు) మీదే తొడిగితే నట్‌కి పట్టు మిగలదు. స్టడ్ మందం ఎంతో, నట్ కనీసం అంత లోతు ఎక్కాలి. 12 మి.మీ. స్టడ్, 1.5 పిచ్ (ఒక్కో చుట్టుకి నట్ 1.5 మి.మీ. కదలడం) అయితే ఎనిమిది చుట్లు. నట్ బిగిస్తూ లెక్కపెట్టి చెప్పు తమ్ముడూ.

పాత స్పానర్:
చిన్నచూపు కాదు. నేనూ ఇంట్లోనే పని చేసుకునేవాణ్ణి. ఇది చెప్పకూడదు అనుకున్నాను, ఇక చెప్తాను.

మూడేళ్ల కిందట ట్రాక్ డేలో నా ముందు వెళ్తున్న కారుకి ఆయిల్ కూలర్ ఉంది. ఆ అబ్బాయి ఇంట్లోనే బిగించుకున్నాడు. రబ్బరు గొట్టం, దాని మీద స్క్రూడ్రైవర్‌తో బిగించే మామూలు క్లాంపు. రోడ్డు మీద నెలల తరబడి ఒక్క చుక్క కారలేదట. ట్రాక్ మీద ఆయిల్ కాగిపోయి గొట్టం మెత్తబడింది, ఆర్‌పీఎం పైన ఉండేసరికి ప్రెషర్ పెరిగింది, గొట్టం ఊడి వచ్చేసింది. నాకు కనబడింది రోడ్డు మీద నల్లటి మెరుపు ఒక్కటే. స్టీరింగ్ తిప్పాను, ముందు చక్రాలు వినలేదు. నేరుగా టైర్ల గోడలోకి వెళ్లాను. కాలర్ బోన్ విరిగింది. అతనికి గీత కూడా పడలేదు. నా పక్కన నిలబడి ఏడ్చాడు. మంచి కుర్రాడు. తన పని మీద అతనికీ మీకున్నంత నమ్మకమే ఉంది.

మీ కారులో కూర్చునేది మీరే, ఒప్పుకుంటాను. మీ కారు కార్చిన ఆయిల్ మీదికి వచ్చేది మాత్రం నేను. అందుకే ఇంకొకరు చూడకుండా ట్రాక్ ఎక్కొద్దంటున్నాను.

గ్యారేజ్ రాత్రులు:
అన్నా, అది నాకు తెలియదు. ఎముక విరిగినవాడితో ఫ్లూయిడ్ గురించి వాదించాను, క్షమించండి.

కానీ అసలు మాట దగ్గర నేను ఒప్పుకోను. వేరేవాళ్లు చూసి సరే అంటేనే వెళ్లాలంటే, నా వదులు బోల్టుకీ వర్క్‌షాప్ వాళ్లు సరే అన్నారు. బిల్లు మీద సంతకం కూడా పెట్టారు. సంతకంతో బోల్టు బిగుసుకోదు. ఆ అబ్బాయి తప్పు ఇంట్లో చేసుకోవడం కాదు, ఏ పనికి ఏ ఫిట్టింగ్ వాడాలో తెలుసుకోకపోవడం.

పాత స్పానర్:
తెలియదన్న సంగతే అతనికి తెలియదు. నేనడిగేది సంతకం కాదు. ఆ పని చేయని ఇంకో మనిషి కారు కిందికి వెళ్లి చూడాలి. మనం బిగించినదాన్ని మనమే చూస్తే బిగించినట్టే కనబడుతుంది.

దారి పక్కన:
మీ ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి చదవండి. ట్రాక్ మీద జరిగిన నష్టానికి చాలా పాలసీలు డబ్బివ్వవు. చేసిన మార్పులు కంపెనీకి చెప్పకపోతే అది ఇంకో గొడవ.

మొదటి ల్యాప్:
అందరికీ థాంక్స్. ఇప్పుడే టార్చ్ పట్టుకుని కారు కిందికి వెళ్లొచ్చాను. నా ఆయిల్ కూలర్ గొట్టాలకి ఉన్నవీ ఆ స్క్రూ క్లాంపులే. నాలుగూ అవే. ఒకదాని కింద గొట్టం మీద వేలు పెడితే తడి తగిలింది. నట్లు కూడా లెక్కపెట్టాను, నాలుగున్నర చుట్లకే ఆగుతున్నాయి. రోజూ దీన్లోనే పాపని స్కూల్లో దింపుతున్నాను. నాకు చేతులు వణుకుతున్నాయి.

గ్యారేజ్ రాత్రులు:
తమ్ముడూ, రేపటి నుంచి కారు బయటికి తీయకు. స్పేసర్లు తీసేసి చక్రాలు మామూలుగా బిగించు. రెండు చివరలా ఫిట్టింగులు క్రింప్ చేసి, అంటే గొట్టానికి నొక్కి బిగించి, వచ్చే ఆయిల్ గొట్టాలు దొరుకుతాయి, అవి తెచ్చుకో. కానీ నువ్వే బిగించు, వేరేవాళ్లకి ఇవ్వకు. ఈసారి నీకు తెలుసు.

పాత స్పానర్:
బిగించాక ఇంకొకరికి చూపించండి. ఫోటో కాదు, కారు.